తొక్కుడు పడవకు తగిన ప్రొపెల్లరు

పంచాయతీ సభ్యులారా,

కొత్తగూడెము పేరు చెప్పగానే బొగ్గు గనులు తలపునకు వచ్చును. కాని ఈ సీమలో నీటికిని కొదువ లేదు. పాల్వంచ చెంత కిన్నెరసాని జలాశయము, భద్రాచలము వద్ద గోదావరి, ఊరూర చెరువులు కలవు. చెరువులో వల వేయుటకును, ఆవలి గట్టునకు ఎరువు బస్తా చేర్చుటకును చిన్న తొక్కుడు పడవ మిక్కిలి ఉపయోగపడును. పాత సైకిలు భాగములతో దానిని గ్రామముననే చేసికొనవచ్చును. అయితే దాని సత్తువ అంతయు నీటిలో తిరుగు ప్రొపెల్లరుపై ఆధారపడి యున్నది. దానిని గూర్చియే నేడు మనవి చేయుదుము.

ఆరోగ్యవంతుడైన మనిషి గంటసేపు విడువక తొక్కగల బలము సుమారు 75 వాట్లు, అనగా అశ్వశక్తిలో పదియవ వంతు మాత్రమే. ఇంత కొద్ది బలమును వృథా చేయరాదు. ఇంజను పడవల ప్రొపెల్లరు చిన్నది. అతివేగముగా తిరుగుటకు చేయబడినది. దానిని కాలితో త్రిప్పినచో నీటిని చిలుకుటయే మిగులును. ఫ్యాను రెక్కకు తగిన మెలిక లేదు. కొద్ది నీటిని వేగముగా నెట్టుటకంటె, ఎక్కువ నీటిని నెమ్మదిగా నెట్టుట లాభము. కాబట్టి వ్యాసము పెద్దదిగాను, రెక్కలు రెండుగాను, సన్ననివిగాను ఉండవలెను.

ఇక లెక్క చూతము. మరమేకు కొయ్యలో చొచ్చునట్లు, ప్రొపెల్లరు ఒక్క చుట్టులో ముందుకు పోవలసిన దూరమును పిచ్ అందురు. పడవ గంటకు 6 కిలోమీటర్లు, అనగా నిమిషమునకు 100 మీటర్లు పోవలెననుకొందము. పెడలు నిమిషమునకు 60 చుట్లు తిరిగినచో, రెండు అంచెల పళ్ళ చక్రములతో ఐదు రెట్లు పెంచి 300 చుట్లు పొందవచ్చును. చుట్టుకు 33 సెంటీమీటర్లు వచ్చినవి. నీరు జారిపోవును గనుక ఆరవ వంతు నష్టము లెక్కించి, పిచ్ 40 సెంటీమీటర్లుగా నిర్ణయింపవలెను. వ్యాసమును అంతే చాలును.

అల్యూమినియము రేకును కోసి రెక్కను మెలిపెట్టునపుడు, నడుమ నుండి 10 సెంటీమీటర్ల దూరమున సుమారు 32 డిగ్రీలు, 20 సెంటీమీటర్ల కొన వద్ద 18 డిగ్రీలు వాలు ఉండవలెను. రెండు రెక్కలును సమాన బరువు కలిగి యుండవలెను. లేనిచో ఇరుసు అదరును. గుర్రపుడెక్క ఉన్న చెరువులో ఇరుసును పైకెత్తి తీగలు తీయు వీలు కల్పింపవలెను.

మంచి ప్రొపెల్లరు మహిమకు ఒక నిదర్శనము: 1991 అక్టోబరు 27న అమెరికాలోని చార్లెస్ నదిపై డెకావిటేటర్ అను తొక్కుడు పడవ ఒక్క మనిషి బలముతో గంటకు సుమారు 34 కిలోమీటర్ల వేగము పొందినది. దానిని నడిపినది గాలిలో తిరుగు పెద్ద ప్రొపెల్లరు.

కాని ఒక్క మాట మరువరాదు. 2022 జూలై 16న భద్రాచలము వద్ద గోదావరి 71 అడుగులు దాటినది. మూడవ ప్రమాద హెచ్చరిక 53 అడుగులకే కలదు. అట్టి ప్రవాహమునకు ఎదురుగా గంటకు 6 కిలోమీటర్ల పడవ నిలువజాలదు. వరదలో దానిని దింపుట ప్రాణాపాయము. కనుక చెరువు పని కొరకే దీనిని చేయించుడు. మొదట లోతులేని నీటిలో పరీక్షింపుడు. ఎక్కు ప్రతివానికిని లైఫ్ జాకెట్టు తప్పనిసరి చేయుడు. పడవ ఏది చేయగలదో, ఏది చేయజాలదో ప్రజలకు ముందుగా తెలుపుట పంచాయతీ ధర్మమని మా మనవి.