ఓల్డామ్ తీర్పు: గంపగుత్త ఓటుకు కాలం చెల్లిందా?



ఇంగ్లండ్‌లోని ఒక పురపాలక మండలి ఎన్నికల గురించి ఇక్కడ కూర్చుని మాట్లాడుకోవలసిన అవసరమేమిటని కొందరు మిత్రులు అడిగారు. న్యాయమైన ప్రశ్నే. అయితే అక్కడి ముస్లిములు తమ ఓటును ఎలా వాడారు, దానివలన ఏమి సాధించారు, ఏమి పోగొట్టుకున్నారు అన్న విషయం ప్రపంచంలో అల్పసంఖ్యాకులుగా జీవిస్తున్న ప్రతి సమాజమూ తెలుసుకోదగినది. అందుకే ఓల్డామ్ అనే పట్టణాన్ని ఎంచుకున్నాను.

మాంచెస్టర్ నగరానికి ఈశాన్యంగా ఉన్న ఊరు ఓల్డామ్. ఒకనాడు ప్రపంచంలో అత్యధికంగా నూలు వడికిన పట్టణమది. లాంకషైర్ మిల్లుల సరుకు మన నేతపనివారి నోటిముద్దను లాగుకున్న కథ ఈ సభలోని పెద్దలకు నేను చెప్పనక్కరలేదు. రెండవ ప్రపంచ యుద్ధం తరువాత ఆ మిల్లులలో రాత్రి షిఫ్టులకు స్థానికులు ముందుకు రానప్పుడు, ఆ పని చేయడానికి వెళ్లినవారు పాకిస్తాన్ నుండి, నేటి బంగ్లాదేశ్ నుండి వచ్చిన శ్రామికులు. మిల్లులు ఒక్కటొక్కటిగా మూతబడ్డాయి. మనుషులు మిగిలిపోయారు. గ్లాడ్విక్ ప్రాంతంలో పాకిస్తానీ మూలాలవారు, కోల్డ్‌హర్స్ట్ ప్రాంతంలో బంగ్లాదేశీయులు, తక్కిన పేటలలో తెల్లవారు, ఎవరికి వారే. నేడు ఆ మండలి పరిధిలోని జనాభాలో ముస్లిములు దాదాపు నాలుగవ వంతు.

2001 మే నెలలో గ్లాడ్విక్‌లో ఘర్షణలు చెలరేగాయి. సరిగ్గా పన్నెండు రోజులకు జరిగిన పార్లమెంటు ఎన్నికలలో బ్రిటిష్ నేషనల్ పార్టీ అనే జాత్యహంకార పక్షపు నాయకుడు నిక్ గ్రిఫిన్ అక్కడ పోటీచేసి 6,552 ఓట్లు, అంటే పోలైన వాటిలో 16 శాతానికి పైగా సంపాదించాడు. ఘర్షణలపై వెలువడిన కాంటిల్ నివేదిక, ఆ పట్టణాలలో రెండు సమాజాలవారు ఒకరికొకరు తగలని సమాంతర జీవితాలు గడుపుతున్నారని తేల్చింది. బడి వేరు, పేట వేరు, స్నేహం వేరు. ఈ నేపథ్యాన్ని విస్మరించి ఓల్డామ్ ఎన్నికల అంకెలు మాత్రమే చూసేవానికి ఏమీ బోధపడదు.

ఇక ఎన్నికల పద్ధతి. మండలిలో 60 స్థానాలు, 20 వార్డులు, వార్డుకు ముగ్గురు సభ్యులు. వంతులవారీగా ఏటేటా మూడవ వంతు స్థానాలకు ఎన్నిక జరిగి, నాలుగవ ఏట విరామం ఉంటుంది. మన మునిసిపాలిటీలలో వలె అయిదేళ్లకొకసారి ఓటరు దర్శనం చేసుకుంటే సరిపోదన్నమాట. ఏ పక్షానికైనా ఏటేటా పరీక్షే. సంపూర్ణ ఆధిక్యతకు 31 స్థానాలు కావాలి. మండలి నాయకుని ప్రజలు నేరుగా ఎన్నుకోరు, సభ్యులు ఎన్నుకుంటారు. కాబట్టి నాయకుడైనా తన వార్డులో ఓడితే ఇంటికి పోవలసిందే.

అదే జరిగింది, ఒకసారి కాదు, వరుసగా మూడేళ్లు. 2021లో లేబర్ పార్టీకి చెందిన మండలి నాయకుడు షాన్ ఫీల్డింగ్ తన వార్డులో స్థానిక స్వతంత్ర పక్షం చేతిలో ఓడిపోయాడు. ఆయన స్థానంలో అరూజ్ షా నాయకత్వం వహించింది. ఉత్తర ఇంగ్లండ్‌లో ఒక మండలికి నాయకురాలైన తొలి ముస్లిం మహిళ ఆమె. రెండు నెలలు తిరగకముందే, ఆ జూలైలో, ఆమె కారుకు దుండగులు నిప్పుపెట్టారు. మరుసటి ఏడు, అనగా 2022లో, చాడర్టన్ సౌత్ వార్డులో కన్జర్వేటివ్ అభ్యర్థి చేతిలో ఆమె ఓడిపోయింది. తరువాత నాయకురాలైన అమాండా చాడర్టన్ 2023లో ఓడింది. ఆ ఏడు వార్డుల సరిహద్దులు మారినందున అన్ని స్థానాలకూ ఎన్నిక జరిగింది. అరూజ్ షా తిరిగి గెలిచి, మళ్లీ నాయకురాలయింది.

సోదరీమణులు ఈ సంగతిని ప్రత్యేకంగా గమనించాలి.  నాయకురాలిగా ఉన్న ముస్లిం మహిళను ఆమె వార్డు ఓటర్లే ఓడించారు. పార్టీపై ఆగ్రహం కొంత, స్థానిక సమస్యలు కొంత ఉండవచ్చు. ఆ ఓటమి సంగతి అలా ఉంచితే, బ్రిటన్‌లోని పాకిస్తానీ, కశ్మీరీ సమాజాలలో బిరాదరీ అనే వ్యవస్థ ఉన్నది. వంశపెద్ద చెప్పిన చోట కుటుంబమంతా ఓటు వేయడం దాని రివాజు. బిరాదరీ రాజకీయాలలో స్త్రీకి చోటు ఎంత ఉంటుందో మనకు తెలియనిది కాదు. నాయకురాలు ఏమి చేసింది, ఏమి చేయలేదు అన్న విమర్శ ఎంత ఘాటుగానైనా ఉండవచ్చు. ఆమె స్త్రీ కావడమే నేరమైనచోట మాత్రం ఇస్లాం పేరును మధ్యకు తీసుకురావద్దని నా మనవి.

ఇప్పుడు 2024 మే 2వ తేదీకి వద్దాం. ఈసారి 20 స్థానాలకు ఎన్నిక. అంతకు ఏడు నెలల ముందు, 2023 అక్టోబరు 11న, లేబర్ అధినేత కీర్ స్టార్మర్ ఒక రేడియో సంభాషణలో గాజాకు విద్యుత్తు, నీరు నిలిపివేసే హక్కు ఇజ్రాయెల్‌కు ఉన్నదని అర్థమిచ్చేలా మాట్లాడాడు. నా ఉద్దేశం అది కాదని పిమ్మట వివరణ ఇచ్చుకున్నాడు. పసిపిల్లల శవాలను టెలివిజన్‌లో చూస్తున్న జనానికి ఆ వివరణ చాలలేదు. నవంబరులో కాల్పుల విరమణ కోరే ప్రతిపాదనకు ఓటు వేయవద్దని తన పార్లమెంటు సభ్యులను ఆదేశించాడు. 56 మంది ధిక్కరించారు. ఓల్డామ్‌కు సమీపంలోని బర్న్లీలో మండలి నాయకుడు మరి పదిమంది సభ్యులతో కలిసి పార్టీకి రాజీనామా చేశాడు. పొరుగున ఉన్న రోచ్‌డేల్‌లో 2024 ఫిబ్రవరి 29న జరిగిన ఉపఎన్నికలో గాజాను ప్రధానాంశంగా చేసుకున్న జార్జ్ గాలవే గెలిచాడు.

మే 2న ఓల్డామ్‌లో లేబర్ పార్టీ సంపూర్ణ ఆధిక్యతను కోల్పోయింది. ముస్లిములు అధికంగా ఉన్న పలు వార్డులలో స్వతంత్రులు గెలిచారు. గాజా ఒక కారణమని లేబర్ జాతీయ నాయకులే ఒప్పుకున్నారు. అయినప్పటికీ అతి పెద్ద పక్షంగా మిగిలిన లేబర్, అరూజ్ షా నాయకత్వంలోనే అధికారాన్ని నిలుపుకొన్నది.

చెత్త ఎత్తించేవారికి, వీధి దీపాలు వెలిగించేవారికి గాజాతో ఏమి సంబంధమని అక్కడి పత్రికలు కొన్ని ఎగతాళి చేశాయి. ఈ ఎగతాళి నాకు రుచించలేదు. పార్టీ గుర్తు మీద ఓటు అడిగినప్పుడు ఆ పార్టీ చేసిన వాటన్నిటికీ ఆ ఓటు జవాబు అవుతుంది. యుద్ధాన్ని ఆపే అధికారం సామాన్య పౌరునికి లేదు. అతని చేతికి అందే పనిముట్టు బ్యాలెట్ కాగితం ఒక్కటే. దానితోనే అతడు తన మాట చెప్పాడు. అరవై ఏళ్లుగా "వీళ్లు ఎక్కడికి పోతారులే" అన్న ధీమాతో ఉన్న పార్టీకి, పోయే దారి ఉన్నదని తెలియజేశాడు. జూలైలో జరిగిన పార్లమెంటు ఎన్నికలలో అది మరింత స్పష్టమయింది. బ్లాక్‌బర్న్‌లో అద్నాన్ హుసేన్ 132 ఓట్ల తేడాతో, లెస్టర్ సౌత్‌లో షౌకత్ ఆదమ్ 979 ఓట్ల తేడాతో, ఇరువురూ స్వతంత్రులుగానే, లేబర్‌ను ఓడించారు. 132 ఓట్లంటే మన ఊరి ఒక చిన్న వీధి.

అంతవరకూ సంతోషమే. అయితే గెలిచిన స్వతంత్రుడు మరునాడు ఏమి చేయాలి? గృహవసతి, ఖబ్రస్తాన్‌కు స్థలం, పాఠశాలలో ప్రవేశాలు, వృద్ధుల సంరక్షణ, ఇవన్నీ మండలి పనులు. బడ్జెట్‌పై ఓటు వేసేటప్పుడు అతనికి తోడెవరు? స్వతంత్రులు తమలో తాము గుంపులు గుంపులుగా విడిపోతే వార్డుకు దక్కేది శూన్యం. ఆగ్రహం గెలిపించగలదు కానీ కాలువ తీయించలేదు.

మరొక చేదు సంగతిని దాటవేయడం న్యాయం కాదు. ఓల్డామ్ రాజకీయాలను ఏళ్ల తరబడి మండిస్తున్నది బాలికలపై జరిగిన లైంగిక దోపిడీ విషయం. మండలి పెద్దలు దానిని కప్పిపుచ్చారన్న ఆరోపణ ముమ్మరంగా సాగింది. 2022 జూన్‌లో వెలువడిన స్వతంత్ర సమీక్ష, కప్పిపుచ్చినట్లు ఆధారాలు లేవని చెబుతూనే, పిల్లలను కాపాడడంలో మండలి, పోలీసులు ఘోరంగా విఫలమయ్యారని తేల్చింది. దీనిని మతంపై నిందగా మార్చి ఓట్లు దండుకున్నవారున్నారు. అందుకు ప్రతిగా మనవారిలో కొందరు, అదంతా కట్టుకథ అని కొట్టిపారేస్తారు. అది సరికాదు. ఆ పిల్లలు నిజమైన పిల్లలు. నేరం చేసినవాడు మన పేరు పెట్టుకున్నంత మాత్రాన మన చాటున దాక్కోరాదు. ఈ మాట మస్జిద్ నుండి గట్టిగా వినిపిస్తేనే, నేరాన్ని సమాజమంతటికీ అంటగట్టేవారిని ఎదిరించే నైతిక బలం మనకు ఉంటుంది. 2024 వేసవిలో సౌత్‌పోర్ట్ మస్జిద్‌పై రాళ్లు రువ్వినవారు ఏ అబద్ధాన్ని నమ్మి వచ్చారో మీరు చదివే ఉంటారు.

పోస్టల్ ఓటు గురించి కూడా ఒక మాట. అక్కడ కారణం చూపకుండానే ఎవరైనా తపాలా ద్వారా ఓటు వేయవచ్చు. వృద్ధులకూ, బయటికి రాలేని స్త్రీలకూ ఎంతో మేలైన సదుపాయం. కానీ వంటగది బల్లమీద ఇంటి పెద్ద అందరి కాగితాలూ తానే నింపితే, అది అయిదారుగురి ఓటు కాదు, ఒక్కరి ఓటు. 2004లో బర్మింగ్‌హామ్‌లో జరిగిన పోస్టల్ ఓట్ల అక్రమాలపై మరుసటి ఏడు న్యాయమూర్తి రిచర్డ్ మారీ ఇచ్చిన తీర్పు బ్రిటిష్ ముస్లిములకు తలవంపులు తెచ్చింది. ఇప్పుడు నిబంధనలు బిగించారు. ప్రచారకులు ఇతరుల పోస్టల్ ఓట్లను ముట్టరాదు. ఒక మనిషి తన ఓటుతోపాటు ఇతరులవి అయిదింటికి మించి పోలింగ్ కేంద్రంలో అందజేయరాదు. ఓటు అమానత్ అని మన ఉలమాలు చెబుతుంటారు. భార్య అమానత్‌ను భర్త ఖర్చు చేయరాదన్నది దానిలోనే ఉన్నదని నేను గ్రహించాను.

ప్రభుత్వ గుమాస్తాగా పనిచేసిన రోజులలో ఓటర్ల జాబితాల సవరణ చూసినవాణ్ణి. పెండ్లయి అత్తవారింటికి వచ్చిన ఆడపిల్ల పేరు పుట్టింట తొలగిపోయి మెట్టింట చేరకపోవడం, ఒకే మనిషి పేరు మూడు కార్డులలో మూడు విధాలుగా ఉండడం నాకు కొత్త కాదు. ఓల్డామ్ వార్త చదివినప్పుడు నా దృష్టి మొదట పోయింది గెలుపోటములపైకి కాదు, జాబితాలో పేరున్న ముస్లిం స్త్రీలెందరు అన్న దానిపైకి.

చివరగా, మనకు నేరుగా సంబంధించిన విషయం. హైదరాబాదు, గుంటూరు, కర్నూలు నుండి మన పిల్లలు చదువులకూ కొలువులకూ బ్రిటన్ వెళుతున్నారు. భారతదేశం కామన్వెల్త్ సభ్యదేశం కనుక, చెల్లుబాటయ్యే వీసాపై అక్కడ నివసిస్తున్న 18 ఏళ్లు నిండిన భారత పౌరునికి పురపాలక ఎన్నికలలోనూ, పార్లమెంటు ఎన్నికలలోనూ ఓటు హక్కు ఉన్నది. చాలామంది పిల్లలకు ఇది తెలియదు. తెలిసినవారు మనకెందుకులే అనుకుంటారు. పోలింగ్‌కు పన్నెండు పనిదినాల ముందు పేరు నమోదు చేసుకోవాలి. 2023 మే నుండి ఇంగ్లండ్ స్థానిక ఎన్నికలలో ఫోటో గుర్తింపు తప్పనిసరి. మన భారత పాస్‌పోర్టు అందుకు చెల్లుతుంది. పోలింగ్ గురువారం నాడు ఉదయం 7 నుండి రాత్రి 10 వరకు సాగుతుంది గనుక ఉద్యోగం, తరగతి అడ్డు అన్న సాకు కుదరదు. ఈ రాత్రి పిల్లలతో ఫోనులో మాట్లాడేటప్పుడు, తిన్నావా అని అడిగిన తరువాత, పేరు నమోదు చేసుకున్నావా అని కూడా అడగండి. వస్సలామ్.