బాయి నుంచి బల్బు దాకా

మంచిర్యాల జిల్లాలో, చెన్నూరుకు దగ్గరలోని జైపూర్‌లో సింగరేణి థర్మల్ విద్యుత్ కేంద్రం ఉంది. 600 మెగావాట్ల యూనిట్లు రెండు. ఇంజనీరింగ్‌లోని ప్రధాన శాఖలు అక్కడ ఒకదాని చేయి ఒకటి పట్టుకుని పనిచేస్తాయి.

బొగ్గును పైకి తెచ్చేది మైనింగ్. ఇక్కడివాళ్లు 'బాయి' అనే గనిలో పైకప్పు కూలకుండా, గాలి ఆడేలా, నీరు నిలవకుండా చూడటమే ఆ శాఖలో అసలు విద్య. బొగ్గును పిండిలా నూరి బాయిలర్‌లో మండిస్తారు. ఆ వేడికి నీటి నుంచి పుట్టే ఆవిరి వేగానికి టర్బైన్ నిమిషానికి 3,000 చుట్లు తిరుగుతుంది. వేడిని చలనంగా మార్చే ఈ పని మెకానికల్ శాఖది. అదే ఇరుసుకు కలిపిన జనరేటర్ దగ్గర ఎలక్ట్రికల్ మొదలవుతుంది. చుట్లు సెకనుకు 50 కాబట్టే ఇంట్లోని కరెంటు 50 హెర్ట్జ్.

బాయిలర్ నీటిలో లవణాలుంటే గొట్టాలు పాడవుతాయి. ఆ శుద్ధి కెమికల్ శాఖ పని. కంట్రోల్ రూమ్‌లో ఎలక్ట్రానిక్స్, కంప్యూటర్ శాఖలు కలుస్తాయి.

వీటన్నిటినీ మోసే పునాది సివిల్ ఇంజనీరింగ్. పునాది దెబ్బతింటే ఏమవుతుందో గోదావరి మీది మేడిగడ్డ బ్యారేజీ చూపింది: 2023 అక్టోబరులో అక్కడ పిల్లర్లు కుంగాయి. పునాది కింది నేల స్వభావాన్ని చదివే సాయిల్ మెకానిక్స్ ఈ శాఖలోనే ఉంది.