మాటలలో లేని కథ

చిత్రాలను గూర్చి రేడియోలో ప్రసంగించడం కొంత విడ్డూరమే. వినేవారి కన్నుల యెదుట బొమ్మ ఉండదు. చెప్పేవాని వద్ద మాట తప్ప మరొక సాధనం లేదు. కాని రాండాల్ఫ్ కాల్డికాట్ అనే ఆంగ్ల చిత్రకారుని విషయంలో ఈ ఇబ్బందికీ ఒక ప్రయోజనం ఉన్నది. మాట ఊరకున్నచోట బొమ్మ ఏమి చెప్పగలదో పిల్లల పుస్తకాలలో చూపినవారిలో అతడు మొదటి వరుసలోనివాడు.

కాల్డికాట్ 1846 మార్చి 22న చెస్టరు పట్టణంలో జన్మించినాడు. చిన్ననాడు సోకిన జబ్బు వల్ల జీవితమంతా అతని ఆరోగ్యం అంతంతమాత్రమే. పదిహేనవ యేట విట్‌చర్చి అనే చిన్న ఊరిలో బ్యాంకు గుమాస్తాగా చేరినాడు. చుట్టూ పల్లెసీమ. పని తీరిన వేళల సంతలకు, పొలాలకు పోయి గుర్రాలను, వేటకుక్కలను, రైతులను చూచి బొమ్మలు వేసేవాడు. 1867లో మాంచెస్టరులోని బ్యాంకుకు మారి, పగలు లెక్కలు వ్రాస్తూ, రాత్రులు అక్కడి కళాశాలలో చిత్రలేఖనం అభ్యసించినాడు. 1872లో ఉద్యోగం విడిచి లండన్ చేరినాడు. ఒంట్లో సత్తువ లేనివాడు నెలజీతాన్ని వదలుకొని, పత్రికలకు బొమ్మలు వేసి బ్రతుకుదామని బయలుదేరడం ఇరువదియారేండ్ల వయస్సులోనైనా సాహసమే. వాషింగ్టన్ ఇర్వింగ్ వ్రాసిన క్రిస్మస్ వ్యాసాలకు వేసిన చిత్రాలు 1875లో అతనికి పేరు తెచ్చినవి.

అప్పుడు లండన్‌లో ఎడ్మండ్ ఇవాన్స్ అనే ముద్రాపకుడు ఉండేవాడు. రంగుల ముద్రణలో దిట్ట. పిల్లల కోసం చవక ధరకు మంచి బొమ్మల పుస్తకాలు వేయాలని అతని తపన. ఇద్దరికీ కుదిరిన ఒడంబడిక వినదగినది. కొయ్య అచ్చులు చెక్కించడం, కాగితం, ముద్రణ, ఈ ఖర్చంతా ఇవాన్స్‌ది. పుస్తకం అమ్ముడుపోతే ప్రతికి ఇంత అని చిత్రకారునికి ముట్టుతుంది. పోకపోతే దమ్మిడీ రాదు. బ్యాంకులో లెక్కలు వ్రాసినవాడు తెలిసే ఈ పందెం కాచినాడు. 1878 క్రిస్మస్‌కు రెండు పుస్తకాలు వెలువడినవి. వెల ఒక్కొక్కటి ఒక షిల్లింగు. పందెం గెలిచినది. 1885 వరకు యేటా రెండేసి చొప్పున మొత్తం 16 పుస్తకాలు వచ్చినవి.

కాల్డికాట్ కలంతో వేసిన గీతలను ఫొటో ద్వారా కొయ్యపలక మీదికి ఎక్కించి శిల్పులు చెక్కేవారు. ఆ అచ్చుతో తీసిన నమూనాకు అతడు రంగులు వేసి ఇస్తే, ఒక్కొక్క రంగుకు ఒక్కొక్క పలక వేరుగా తయారయ్యేది. రంగుల పుటల నడుమ ఒట్టి గీతల బొమ్మలు అనేకం ఉండేవి. నా మట్టుకు ఆ గీతల బొమ్మలే మిన్న. అతనికి ముందు ఇవాన్స్‌కు బొమ్మలు వేసిన వాల్టర్ క్రేన్ పుటనంతా తివాసీవలె అలంకరించేవాడు; కాల్డికాట్ సగం కాగితాన్ని తెల్లగానే విడిచినాడు. ఆ తెల్లదనంలోనే గుర్రం పరుగెత్తుతుంది.

ఇక అసలు సంగతి. అతడు ఎన్నుకొన్నవి చాలావరకు మన జోలపాటలవంటి పొట్టి గేయాలు. ఒక గేయంలో పళ్ళెం చెంచాతో కలిసి లేచిపోతుంది. పాట అక్కడికి సరి. కాల్డికాట్ అక్కడ ఆగలేదు. మరొక బొమ్మ వేసినాడు. అందులో పళ్ళెం ముక్కలై పడి ఉన్నది. చెంచాను తల్లిదండ్రులవలె చెరియొక ప్రక్కన పట్టుకొని కత్తీ ఫోర్కూ నడిపించుకొనిపోతున్నవి. ఒక్క మాట లేదు.

మరొక జోలపాటలో బిడ్డను చుట్టడానికి కుందేలు చర్మం తేవడానికి తండ్రి వేటకు పోయినాడని ఉన్నది. బొమ్మలలోని తండ్రికి వేట ఫలించదు. తుదకు అంగడిలో చర్మం కొని తెస్తాడు! చివరి బొమ్మలో, చెవులతో సహా ఆ చర్మం తొడుగుకొన్న బిడ్డ తల్లి వెంట షికారు పోతూ, గట్టు మీద నిజమైన కుందేళ్ళను చూస్తుంది. అవీ బిడ్డను చూస్తున్నవి. ఆ పసిముఖంలోని అయోమయాన్ని రెండు మూడు గీతలలో పట్టినాడు. పెద్దవారు పాటను ఒక్క ఊపిరిలో చదివి పుట త్రిప్పబోతారు. అక్షరం రాని బిడ్డ చేయి అడ్డుపెట్టి ‘ఆ కుందేళ్ళు ఎందుకు చూస్తున్నవి?’ అని అడుగుతుంది. ఇంత కరకుదనం పసివారికేల అని శంకించేవారు ఉంటారు. అటువంటి ప్రశ్న పుట్టించని పుస్తకం కంటె పుట్టించేది మేలని నా అభిప్రాయం. శ్రోతలు తమ ఇంట పరీక్షించి చూడవచ్చును.

లోపాలు లేవనను. అతని పల్లెలో రైతు ఎప్పుడూ నవ్వుతూనే ఉంటాడు. ఆ పుస్తకాలు వెలువడిన కాలంలో ఇంగ్లండు వ్యవసాయం నిజానికి గడ్డు దినాలలో ఉండినది. ఆ ఛాయ అతని పుటలలో కానరాదు. వెనుకటి శతాబ్దపు వేషాలు, జమీందారుల వేటలు మాత్రమే కనిపిస్తవి.

1885 చివర, భార్య మేరియన్‌తో అమెరికా పయనమైనాడు. అక్కడి దృశ్యాలు పత్రికకు చిత్రించడం ఒక పని. వెచ్చని ప్రాంతంలో ఆరోగ్యం కుదుటపడునేమోనన్నది ఆశ. ఆ యేడు ఫ్లోరిడాలో సైతం చలి తీవ్రమైనది. 1886 ఫిబ్రవరిలో సెయింట్ ఆగస్టీన్ పట్టణంలో మరణించినాడు. నలుబది నిండలేదు. సమాధి అక్కడనే ఉన్నది.

బియాట్రిక్స్ పాటర్ తండ్రి కాల్డికాట్ మూలచిత్రాలను కొని ఇంట ఉంచుకొన్నాడు. ఆ బాలిక వాటిని చూస్తూ పెరిగి, 1902లో తన కుందేలు పిల్ల కథను పుస్తకంగా వెలువరించినది. దానిని ముద్రించినది కూడ ఇవాన్స్ సంస్థయే. అమెరికా గ్రంథాలయ సంఘం 1938 నుండి యేటా ఉత్తమ బొమ్మల పుస్తక చిత్రకారునికి కాల్డికాట్ పేర పతకం ఇస్తున్నది. అది అమెరికా పౌరులకు, అక్కడ నివసించేవారికి మాత్రమే. ఆంగ్లేయుడైన కాల్డికాట్‌కే ఆ అర్హత ఉండేది కాదు! పతకం మీద ఉన్నది 1878 నాటి అతని బొమ్మయే: అదుపు తప్పిన గుర్రం మెడను కరచుకొని పోతున్న బట్టల వర్తకుడు జాన్ గిల్పిన్, కాళ్ళక్రింద చెదరిపోతున్న బాతులు.