ఉద్యోగం మానకుండా నర్సింగు డిగ్రీ: మన బిడ్డలకు ఏ దారి?

(సంఘ వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



అల్లాహ్ నామంతో ఆరంభిస్తున్నాము. మేము ఉర్దూ మీడియం బడిపంతులము. తెలుగులో నాలుగు మాటలు చెప్పమని కార్యదర్శిగారు కోరారు. భాషలో తప్పులుంటే మన్నించండి. కాని ఈ రోజు మేము ఒప్పుకోబోయే తప్పు భాషకు సంబంధించినది కాదు. అది సలహాకు సంబంధించినది.

నాలుగేళ్ల క్రితం మాట. మా బడిలో చదివిన ఒక అమ్మాయి జి.ఎన్.ఎం. పూర్తిచేసి, ఊళ్లో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో నర్సుగా చేరింది. తండ్రికి ఆరోగ్యం చాలదు. తల్లి మెడలోని బంగారం తాకట్టు పెట్టి చదివించారు. ఇద్దరు తమ్ముళ్ల ఫీజులు, ఇంటి అద్దె, తండ్రి మందులు అన్నీ ఆ పిల్ల జీతం మీదే. ఒకనాడు సాయంత్రం చేతిలో కరపత్రంతో మా ఇంటికి వచ్చింది. “మాస్టర్ సాబ్, ఉద్యోగం చేస్తూనే రెండేళ్లలో బి.ఎస్సీ. నర్సింగు అంటున్నారు. తరగతులకు రానక్కరలేదట, పరీక్షకు వస్తే చాలునట. చేరమంటారా?” అని అడిగింది.

మేము కరపత్రం చదివాము. అచ్చు బాగుంది, ముద్రలున్నాయి. “చేరు బేటీ, ఇల్మ్ కోసం పెట్టిన ఖర్చు వృథా కాదు” అన్నాము. ఆ పిల్ల చీటీ పాడుకొని 45 వేల రూపాయలు కట్టింది.

ఏడాది గడిచాక ఆ ఆసుపత్రి హెడ్ నర్సు ఒకే ఒక్క ప్రశ్న వేసిందట: “బి.ఎస్సీ. చదువుతున్నావు కదమ్మా, ప్రాక్టికల్స్ ఏ వార్డులో చేస్తున్నావు?” అమ్మాయి దగ్గర జవాబు లేదు. నర్సింగు కౌన్సిల్లో విచారిస్తే ఆ సంస్థ పేరు గుర్తింపు జాబితాలోనే లేదని తేలింది. డబ్బు తిరిగి రాలేదు. ఏడాది కాలమూ తిరిగి రాలేదు.

మేము వాళ్లింటికి వెళ్లాము. తల్లి చాయ్ ఇచ్చింది. ఒక్క మాట అనలేదు. తిట్టినా బాగుండేది. ఆ చాయ్ మాకు గొంతు దిగలేదు. ఇరవై యేళ్లుగా పిల్లలకు చదువు చెబుతున్నవాళ్లము, ఒక ప్రశ్న అడగవలసిన చోట అడగలేదు. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్లు, ఆ తరువాతే ఈ సంగతులన్నీ తెలుసుకున్నాము. అవి మీ ముందుంచడం మా బాధ్యత అనుకుంటున్నాము.

మొదటి సంగతి. నర్సింగులో ప్రవేశానికి మూడు మెట్లున్నాయి. ఏ.ఎన్.ఎం. 2 సంవత్సరాలు, జి.ఎన్.ఎం. 3 సంవత్సరాలు, ఇంటర్మీడియట్ తరువాత నేరుగా చేరే బి.ఎస్సీ. నర్సింగు 4 సంవత్సరాలు. ఈ మూడూ పగలంతా కాలేజీలోను, వార్డులోను ఉండి చదవవలసినవే. వీటిని తీరిక వేళల్లోనో, పోస్టు ద్వారానో చదివిస్తామని ఎవరైనా అంటే నమ్మవద్దు. సూది వేయడం, ప్రసవం చూడడం, రోగి ఊపిరి లెక్కపెట్టడం ఇంట్లో కూర్చుని నేర్చుకునే విద్యలా? ఈ చదువులో పుస్తకమెంతో వార్డూ అంతే.

రెండవ సంగతి. జి.ఎన్.ఎం. ముగించి, రాష్ట్ర నర్సింగు కౌన్సిల్లో పేరు నమోదు చేసుకున్నవారికి పోస్ట్ బేసిక్ బి.ఎస్సీ. నర్సింగు అనే చదువున్నది. దీనికి రెండు దారులు. ఒకటి, ఉద్యోగానికి సెలవు పెట్టో, రాజీనామా చేసో, కాలేజీలో చేరి 2 సంవత్సరాలు చదవడం. రెండవది, 1985లో స్థాపించిన ఇందిరాగాంధీ జాతీయ సార్వత్రిక విశ్వవిద్యాలయం, అదే మనం ఇగ్నో అంటాము, దాని ద్వారా ఉద్యోగంలో ఉంటూ చదవడం. ఇది కనీసం 3 సంవత్సరాలు పడుతుంది. పనిలో ఉన్న నర్సులకోసమే దీన్ని ఏర్పరచారు. ప్రవేశ పరీక్ష ఉంటుంది. ఇంటర్ చదివి జి.ఎన్.ఎం. చేసినవారికి 2 సంవత్సరాల అనుభవం, పదవ తరగతితో జి.ఎన్.ఎం. చేసినవారికి 5 సంవత్సరాల అనుభవం అడుగుతారు. ప్రవేశాలు ఉన్నదీ లేనిదీ, నిబంధనలు ఏమిటన్నదీ ఆ యేటి ప్రకటనలో చూసుకొని మరీ దరఖాస్తు పెట్టాలి. ఇందులో కూడా ప్రాక్టికల్స్ తప్పవు. వారు నిర్ణయించిన అధ్యయన కేంద్రానికి, ఆసుపత్రికి హాజరు కావలసిందే.

కాబట్టి కరపత్రం ఏది వచ్చినా మూడు ప్రశ్నలు అడగండి. ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ గుర్తింపు ఉన్నదా? రాష్ట్ర కౌన్సిల్ ఈ డిగ్రీని నమోదు చేసుకుంటుందా? ప్రాక్టికల్స్ ఏ ఆసుపత్రిలో? ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ 1947 నాటి చట్టం ప్రకారం ఏర్పడిన సంస్థ. మూడింటికీ కాగితం మీద జవాబు రాకపోతే రూపాయి కూడా కట్టవద్దు.

మూడవ సంగతి. రెండు దారుల్లో ఏది మేలు? పిడుగుకూ బియ్యానికీ ఒకే మంత్రం పనికిరాదు. ఇంట్లో మరొకరి సంపాదన ఉంటే, కాలేజీలో చేరి రెండేళ్లలో ముగించుకోవడం సుఖం. నిద్ర దక్కుతుంది, చదువు మీద ధ్యాస నిలుస్తుంది. జీతం ఆగితే పొయ్యి ఆగే ఇల్లయితే, ఒక యేడు ఎక్కువైనా ఉద్యోగం మానకుండా చదివే దారే దారి. పగలు చదివింది రాత్రి డ్యూటీలో కళ్ల ముందే కనబడుతుందన్న లాభమూ ఉంది.

అయితే గంటల లెక్క ముందుగా వేసుకోవాలి. మేము ఆ అమ్మాయితో పలక మీద వేయించిన లెక్క ఇది. వారానికి 168 గంటలు. డ్యూటీ 48. నిద్ర రోజుకు 7 చొప్పున 49. ఆసుపత్రికి రాకపోకలు 6. మిగిలినవి 65. వంట, బట్టలు, నమాజు, భోజనం, తండ్రి సేవ కలిసి 35. ఇక చేతిలో ఉన్నవి 30. అందులో సగం చదువుకు దక్కినా వారానికి 15 గంటలు. చాలునా అంటే చాలును. కాని ఆ 15 గంటలు ఎవరూ లాక్కోకూడదు. చుట్టాలు వచ్చారని, తమ్ముడికి టిఫిను కట్టాలని, పెళ్లికి వెళ్లాలని మనమే ఒక్కొక్క గంట లాగేస్తాము. తరువాత “పిల్లకు చదువు రాలేదు” అంటాము.

ఉద్యోగం చేసేచోట కూడా ముందుగా మాట్లాడుకోవాలి. ప్రాక్టికల్స్ రోజులకు సెలవు ఇస్తారా, డ్యూటీలు మార్చుకోనిస్తారా అన్నది కాగితం మీద ఉండాలి. సర్కారు ఉద్యోగిని అయితే శాఖ అనుమతి పొందిన తరువాతే చేరాలి.

భాష సంగతి కూడా చెప్పాలి. 1918లో స్థాపించిన ఉస్మానియా విశ్వవిద్యాలయంలో ఒకప్పుడు వైద్యం సైతం ఉర్దూలోనే బోధించారు. అది మన గర్వం. కాని నేడు నర్సింగు పుస్తకాలు ఇంగ్లీషులో ఉన్నవి. మా బడి నుంచి వెళ్లిన పిల్లలకు మొదటి గోడ అదే. ఇది వారి తెలివితక్కువతనం కాదు. మా పంతుళ్లము మరికొంత శ్రమపడవలసిన చోటు.

ఇక మన మొహల్లాలో వినిపించే మాట ఒకటుంది. “రాత్రి డ్యూటీ చేసే పిల్లను ఎవరు చేసుకుంటారు?” అని. పెద్దలు కోపగించుకోకూడదు. మన ఇంటి కోడలికి నొప్పులొస్తే, పెద్దాసుపత్రికి తీసుకుపోయి మనం మొదట అడిగేదేమిటి? “ఆడ నర్సు ఉన్నదా?” అని. అర్ధరాత్రి ఆడ నర్సు కావాలి, కాని ఆ నర్సు మన ఇంటి బిడ్డ కాకూడదు! ఇదెక్కడి ఇన్సాఫ్? ప్రవక్తగారి కాలంలో మదీనాలో రుఫైదా అల్ అస్లమియా అనే మహిళ గాయపడినవారికి చికిత్స చేసేవారు. ఖందక్ యుద్ధంలో గాయపడిన సఅద్ బిన్ ముఆజ్ గారిని మస్జిద్ వద్ద వేసిన ఆమె గుడారానికే చేర్చారని చరిత్ర చెబుతున్నది. ఆమె పని ఖిద్మత్ అయితే, మన బిడ్డల పని కూడా ఖిద్మతే.

డిగ్రీ ఎందుకు, జి.ఎన్.ఎం. చాలదా అని అడిగేవారున్నారు. రోగి సేవకు అది చాలు. కాని ఎం.ఎస్సీ. చదవాలన్నా, నర్సింగు కాలేజీలో పాఠం చెప్పాలన్నా బి.ఎస్సీ. కావాలి. మన పిల్లలు నేర్చుకునేవారుగానే కాదు, నేర్పేవారుగా కూడా ఉండాలి కదా.

ఆ అమ్మాయి ఏమయిందని మీరు అడగవచ్చు. మళ్లీ ప్రయత్నం చేద్దామని మేమే అడిగాము. ఆమె వెంటనే ఒప్పుకోలేదు. “ఈసారి మీరు చదివి చెప్పకండి సాబ్, నేను చదివి మీకు చెబుతాను” అన్నది. ఇగ్నో ప్రాస్పెక్టసు నిఘంటువు పక్కన పెట్టుకుని మొదటి పుట నుంచి చివరి పుట దాకా తానే చదివింది. ప్రవేశ పరీక్ష రాసింది. ఇప్పుడు రెండవ సంవత్సరంలో ఉన్నది. పోయిన నెల ప్రాక్టికల్స్‌కు సెలవు దొరకక, తోటి నర్సుల రాత్రి డ్యూటీలు తాను చేసి, ఆ పగళ్లు సంపాదించుకున్నది. తాకట్టు బంగారం ఇంకా విడిపించలేదు. పాసవుతుందా లేదా అల్లాహ్‌కే ఎరుక. ఈ సభకు కూడా రాలేదు. ఈ పూట డ్యూటీలో ఉన్నది.

చివరగా సంఘానికి మూడు మనవులు. ఒకటి, ఇలా ఉద్యోగం చేస్తూ చదివే బిడ్డలకు ఫీజు నిమిత్తం వడ్డీ లేని చేబదులు, కర్జె హసనాగా, ఒక చిన్న నిధి ఏర్పాటు చేయండి. రెండు, సంఘ భవనంలో ఒక గది సాయంత్రాలు ఆడపిల్లల చదువుకు వదలండి. అక్కడ వారానికి మూడు రోజులు ఇంగ్లీషు చెప్పడానికి మేము సిద్ధంగా ఉన్నాము, జీతం అక్కరలేదు. మూడు, ఏ కరపత్రం వచ్చినా డబ్బు కట్టేముందు నలుగురం కూర్చుని ఆ మూడు ప్రశ్నలు అడుగుదాము.

సలహా కూడా అమానతే. పిల్లలు మనల్ని నమ్మి అడుగుతారు. తెలియనిది తెలియదని చెప్పి, తెలుసుకుని వచ్చి చెప్పడంలో పంతులుకు చిన్నతనం లేదు. ఆ పాఠం మాకు మా విద్యార్థిని నేర్పింది.

 ఆ బిడ్డ కోసం దుఆ చేయండి. ఖుదా హాఫిజ్.