కల్లు సీసాలో మత్తుమందు
(మన సంఘ సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మాదకద్రవ్యాలనగానే మనకు పట్నంలోని కాలేజీ పిల్లలు, గంజాయి మూటలు గుర్తుకు వస్తాయి. కానీ మన తెలంగాణ పల్లెల్లోకి మత్తుమందు ఎన్నో ఏళ్ళుగా కల్లు సీసాలోనే వస్తున్నది. చెట్లు తక్కువ, తాగేవారు ఎక్కువ. ఆ లోటు పూడ్చడానికి నీళ్ళలో శాకరిన్, మత్తు కోసం క్లోరల్ హైడ్రేట్, డైజిపామ్, అల్ప్రాజోలం కలిపి అమ్మారు. తాగే కూలిమనిషికి తాను మందుబిళ్ళలకు అలవాటుపడిన సంగతే తెలియదు.

2015 సెప్టెంబరులో కల్తీకల్లుపై ప్రభుత్వం దాడులు ముమ్మరం చేసింది. చేయవలసిన పనే. అయితే అలవాటుపడినవారికి ఒక్కసారిగా మత్తు అందకపోయేసరికి నిజామాబాద్, మహబూబ్‌నగర్ జిల్లాలలో ఆసుపత్రుల ముందు జనం బారులు తీరారు. చేతుల వణుకు, నిద్రలేమి, పిచ్చిమాటలు, ఫిట్స్. కొందరు ప్రాణాలే పోగొట్టుకున్నారు.

నిజామాబాద్ వైపు పనికి పోయిన మా తమ్ముని కొడుకు ఆ రోజుల్లోనే పెద్దవూరకు తిరిగి వచ్చాడు. రెండవ రాత్రి గోడలు గీరుతూ, లేనివాళ్ళతో మాట్లాడసాగాడు. గాలి సోకిందని తాయెత్తు కట్టించాము. నలుగురికీ తెలిస్తే పరువు పోతుందని తలుపులు మూయించినది నేనే. ఫిట్స్ వచ్చిన తర్వాత గాని పెద్దాసుపత్రికి తీసుకుపోలేదు. "ఇన్నేళ్ళు ఉద్యోగం చేసినవారు, మీరు కూడా ఇన్నాళ్ళు ఆగారేమండీ?" అన్నారు డాక్టరుగారు. నా వద్ద జవాబు లేదు.

వాడు బ్రతికాడు. బదులు మందు ఇచ్చి, మోతాదు కొద్దికొద్దిగా తగ్గిస్తూ మాన్పించారు. మధ్యలో ఒకసారి జారాడు. తిట్టకుండా మళ్ళీ తీసుకుపోయాము. ఇప్పుడు వ్యవసాయం చూసుకుంటున్నాడు.

కనుక నా మనవి ఒక్కటే. సరుకు పట్టుకునే రోజునే చికిత్సకు కూడా తలుపు తెరవాలి. గుడుంబా కాచడం మానినవారికి మన రాష్ట్రంలో 2 లక్షల రూపాయల చొప్పున పునరావాస సాయం ఇచ్చారు. అమ్మినవాని బ్రతుకుతెరువు గురించి ఆలోచించినట్లే తాగినవాని ప్రాణం గురించి కూడా ఆలోచించాలి గదా! 2025 జూలైలో హైదరాబాదు కూకట్‌పల్లిలో కల్తీకల్లు మళ్ళీ పలువురిని బలిగొన్నది. ఈ పీడ పోలేదు.

కేసు పెడతారని భయపడేవారికి ఒక మాట. 1985 నాటి మాదకద్రవ్యాల చట్టం 64ఎ సెక్షను ప్రకారం, మత్తు వాడినందుకో, కొద్ది పరిమాణం దగ్గరున్నందుకో కేసు వచ్చిన వ్యసనపరుడు తానుగా ప్రభుత్వ లేదా గుర్తింపు పొందిన సంస్థలో చికిత్సకు ముందుకు వస్తే ప్రాసిక్యూషను ఉండదు. చికిత్స మధ్యలో మానరాదు. సలహాకు 14446 నంబరుకు ఉచితంగా ఫోను చేయవచ్చు.

చివరగా మన ఇంటి సంగతి. మనలో కొందరికి నిద్ర కోసం డాక్టర్లు రాసేది ఆ అల్ప్రాజోలమే. మందుల షాపువారు దానికి ప్రత్యేక రిజిస్టరు రాయాలి. మనం కూడా బిళ్ళలు లెక్కపెట్టి, పిల్లల చేతికి అందకుండా బీరువాలో పెడదాము. డాక్టరును అడగనిదే పెంచవద్దు, ఒక్కసారిగా మానవద్దు.

పరువు కోసం నేను వేసిన తలుపు మీరెవ్వరూ వేయవద్దని కోరుతూ సెలవు తీసుకుంటున్నాను.