మన మాట ఎవరు రాస్తున్నారు?

(మండల సమాఖ్య వార్షిక సర్వసభ్య సమావేశంలో కార్యవర్గం తరఫున చేసిన ప్రసంగం)



పొదుపు, అప్పులు, రికవరీ లెక్కలు ఈ పుస్తకం ముందు పేజీల్లో ఉన్నాయి. కోశాధికారి చదివి వినిపించారు కూడా. మేము ఇంకో సంగతి మాట్లాడదామనుకున్నాం. ఆడవాళ్ల గురించి ఇన్నాళ్లూ పత్రికల్లో, రేడియోల్లో ఎవరు మాట్లాడారు, మన మాట మనం చెప్పుకునే దాకా ఎట్లా వచ్చాం అన్నది ఆ సంగతి. పత్రికలతో మనకేం పని అనుకోకండి. మనం ఇట్లా సంఘాలు కట్టుకుని కూర్చోవడం వెనక ఒక చదువుల పుస్తకంలోని పాఠం కూడా ఉంది. అక్కడికొస్తాం.

తెలుగులో ఆడవాళ్ల కోసం తొలి పత్రికలు పెట్టింది మగవాళ్లే. 1883లో కందుకూరి వీరేశలింగం గారు ‘సతీహితబోధిని’ నడిపారు. పేరులోనే ఉంది చూడండి. హితం చెప్పేది ఆయన, వినేది ఆడవాళ్లు. వితంతువులకు పెళ్లిళ్లు చేయించిన మనిషి, ఆయన మేలు మరువరానిది. అయినా మాట మాత్రం ఆయనదే. 1902లో సత్తిరాజు సీతారామయ్య గారు ‘హిందూసుందరి’ పెట్టారు. దానికి సంపాదకులుగా ఆడవాళ్లే ఉన్నారు. పతివ్రతా ధర్మం గురించి రాసిన పత్రికల్లోనే ఆడపిల్లకు చదువు ఎందుకు వద్దంటారని నిలదీసిన ఆడవాళ్లూ ఉన్నారు.

ఆ రోజుల్లో రాసినవారిలో భండారు అచ్చమాంబ గారిని తలుచుకోవాలి. బడికి పోలేదు. తమ్ముడు కొమర్రాజు లక్ష్మణరావు చదువుకుంటుంటే ఆయన దగ్గర నేర్చుకుంది. మన దేశపు గొప్ప స్త్రీల కథలన్నీ వెతికి పుస్తకంగా రాసింది. ‘ధనత్రయోదశి’ అనే కథ 1902లో హిందూసుందరిలోనే వచ్చింది. అదే ఏడు బందరులో ఆడవాళ్ల సమాజం పెట్టించింది. 1905లో, ముప్పై ఏళ్లు దాటీ దాటకుండానే పోయింది. రాయడం, సంఘం పెట్టడం ఆమెకు రెండు పనులు కావు.

1928లో మద్రాసు నుంచి డాక్టర్ కేసరి గారి ‘గృహలక్ష్మి’ వచ్చింది. బాపట్ల కనుపర్తి వరలక్ష్మమ్మ గారు అందులో ‘శారద లేఖలు’ రాసేవారు. శారద అనే ఆమె స్నేహితురాలు కల్పలతకు ఉత్తరాలు రాస్తున్నట్టు ఉంటుంది. వంటింటి ముచ్చట్లలాగే మొదలై బాల్యవివాహాల చట్టం దాకా పోతాయి. నేరుగా అనలేనిది స్నేహితురాలికి ఉత్తరంగా అన్నది ఆమె తెలివి.

ఇదంతా ఎవరు చదివారు? 1901 జనాభా లెక్కల్లో చదవడం వచ్చిన ఆడవాళ్లు నూటికి ఒక్కరు కూడా లేరు. కూలికి పోయే మన ముత్తవ్వలు ఆ పత్రికలు చూసి కూడా ఉండరు. వాళ్ల మాట పుస్తకంలోకి ఎక్కడానికి చాలా కాలం పట్టింది. 1986లో స్త్రీశక్తి సంఘటన వాళ్లు తెలంగాణ సాయుధ పోరాటంలో పనిచేసిన ఆడవాళ్ల దగ్గరికి పోయి, వాళ్లు చెప్పింది చెప్పినట్టు ‘మనకు తెలియని మన చరిత్ర’గా తెచ్చారు. 1993 నుంచి హైదరాబాదులో ‘భూమిక’ స్త్రీవాద పత్రిక వస్తోంది. మధ్యలో వారపత్రికలూ ఉన్నాయి, ముగ్గులు, వంటలు, సీరియళ్లు. వాటినీ తీసిపారేయం, వాటి కోసమే చదవడం అలవాటైనవాళ్లు ఎందరో.

ఇక మనం చెప్పిన పాఠం. నెల్లూరు జిల్లా దూబగుంటలో రాత్రి బడికి వచ్చిన ఆడవాళ్లు అక్షరాలతోపాటు ‘సీతమ్మ కథ’ చదివారు. సారాతో కొంప కూలిన సంసారం కథ. అది మా కథే అన్నారు. ఊళ్లో సారా అమ్మకం ఆపించారు. దూబగుంట రోశమ్మ పేరు అప్పుడే మనకు తెలిసింది. 1992లో ఆ ఉద్యమం జిల్లాలు దాటి సారా వేలంపాటలను ఆపించింది. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రంలో సారా నిషేధమైంది. (ఆ తర్వాత మందు ఏమైందో మీకు చెప్పక్కర్లేదు.) సారాకు పోకుండా మిగిలిన డబ్బులోంచి రోజుకో రూపాయి దాచుకుందామని అక్కడి ఆడవాళ్లు పొదుపులక్ష్మి సంఘాలు కట్టారు. మన పొదుపు పుస్తకాలకు అవి అక్కల్లాంటివి.

2001లో చిత్తూరు జిల్లాలో సంఘాల ఆడవాళ్లే ‘నవోదయం’ పత్రిక మొదలుపెట్టారు. వార్తలు తెచ్చేది వాళ్లే, రాసేది వాళ్లే. జహీరాబాదు దగ్గర మాచునూరులో దళిత మహిళల సంగం రేడియో 2008 అక్టోబరు 15న గాలిలోకి వచ్చింది. అంతకుముందు ఏళ్ల తరబడి వాళ్లు మాటలూ పాటలూ టేపుల్లో రికార్డు చేసి సంగాల్లో వినిపించుకున్నారు, ఎందుకంటే అటువంటి సంస్థలకు రేడియో నడిపే అనుమతి ఇవ్వడమే 2006 దాకా లేదు. జొన్న, కొర్ర విత్తనాల సంగతులు, పండగ పాటలు, జబ్బులకు ఇంటి మందులు వాళ్ల యాసలోనే వచ్చాయి. చదువు రాకపోయినా మైకు పట్టుకోవచ్చని వాళ్లు చూపించారు.

ఇప్పుడు మన దగ్గరికి రండి. మన తీర్మానాల పుస్తకాలు తీసి చూడండి. ఒక చెల్లెలు మీటింగులో, “అప్పు నా పేరు మీద, డబ్బు ఆయన చేతిలో, కిస్తీ నా నెత్తి మీద” అంటుంది. పుస్తకంలో ఏమెక్కుతుంది? “రుణ వినియోగంపై చర్చించి ఏకగ్రీవంగా తీర్మానించడమైనది.” ఆమె మాట ఎటు పోయింది? కొన్ని ఊళ్లలో అదీ బుక్‌కీపర్ రాయదు, ఆమె భర్తో కొడుకో రాస్తాడు. సంఘం వాట్సాప్ గ్రూపులో మన పేర్లే ఉంటాయి, ఫోన్లు ఎవరి చేతుల్లో ఉంటాయో మీకే తెలుసు.

కార్యవర్గంలో దీనిమీద గట్టిగానే వాదన జరిగింది. ఇంటి గుట్టు పుస్తకంలో పెడితే పరువు పోతుందని కొందరన్నారు. ఆ భయం ఉత్తదేమీ కాదు, ఇంటికి పోయాక దెబ్బలు తినేది రాసినామెనే. అందుకే పేరు పెట్టాలా వద్దా అన్నది ఆమె ఇష్టం. వరలక్ష్మమ్మ గారే శారద పేరుతో ఉత్తరాలు రాశారు కదా.

మా ప్రతిపాదన ఇది. వచ్చే ఏడాది నివేదికలో ప్రతి గ్రామ సంఘానికీ ఒక పేజీ ఇస్తాం. లెక్కలు కాదు, ఆ ఏడు ఊళ్లో ఆడవాళ్లకు ఏం జరిగిందో అది. రాయడం రానివాళ్లు చెప్తే బుక్‌కీపర్ వాళ్ల మాటల్లోనే రాయాలి, సంతకమో వేలిముద్రో తీసుకునే ముందు తిరిగి చదివి వినిపించాలి. ఇంట్లో మగవాళ్లతో రాయించకూడదు. అచ్చు ఖర్చు సమాఖ్య సాధారణ నిధి నుంచి పెడదాం. చేతులెత్తే ముందు అభ్యంతరం ఉన్న అక్కలు లేచి చెప్పండి. ఆ అభ్యంతరం కూడా మీరన్నది అన్నట్టే రాస్తాం.