భుజం కీలు మార్పిడి తర్వాత నొప్పికి నరం బ్లాక్: ఏది ఎవరికి? లబ్ధిదారులు అడగాల్సిన ప్రశ్నలు

(ఆరోగ్యశ్రీ లబ్ధిదారుల అవగాహన సమావేశంలో జిల్లా పౌర సంబంధాల అధికారి చేసిన ప్రసంగ పాఠం. ఫోన్‌లో చదువుకోవడానికి, ఇంట్లో వాళ్లకు వినిపించడానికి వీలుగా ఇస్తున్నాం.)



నేను డాక్టర్ని కాదు. చదివింది జర్నలిజం, చేసేది సమాచార శాఖలో ఉద్యోగం. డాక్టర్లు చెప్పే మాట మీకు అర్థమయ్యే భాషలో చేర్చడమే నా పని. మీకు ఏ పద్ధతి సరిపోతుందో తేల్చేది మీ మత్తు డాక్టరే. కానీ ఆ డాక్టరుకు మీరు ఏం చెప్పాలి, ఏం అడగాలి అన్నది మీ చేతిలో ఉంది. ఇవాళ మాట్లాడుకునేది దాని గురించే.

రాజీవ్ ఆరోగ్యశ్రీ కింద ఏడాదికి ఒక్కో కుటుంబానికి చికిత్స పరిమితి 2023 డిసెంబర్ 9 నుంచి 10 లక్షల రూపాయలైంది. మీకు రాసిన ఆపరేషన్ పథకంలో ఏ ప్యాకేజీ కిందికి వస్తుందో ఆసుపత్రిలోని ఆరోగ్యమిత్ర చూసి చెప్తారు. అనుమతి వచ్చాక మన దగ్గర ఎక్కువగా వినిపించే మాట ఒకటుంది: "డబ్బుల సంగతి సరే సారూ, నొప్పికి తట్టుకుంటామా?" భుజం కీలు మార్పిడి విషయంలో ఈ భయం ఊరికే పుట్టింది కాదు. ఎముక కోసి, కొత్త కీలు బిగించే ఆపరేషన్ అది. మొదటి ఒకటి రెండు రోజులు నొప్పి గట్టిగానే ఉంటుంది. ఆ నొప్పిని అణచడానికే నరం బ్లాక్ ఇస్తారు.

నరం బ్లాక్ అంటే ఏమిటి?

పన్ను పీకేటప్పుడు చిగురుకు ఇంజక్షన్ ఇస్తే దవడ మొద్దుబారుతుంది కదా, ఇదీ అలాంటిదే. భుజం నుంచి మెదడుకు నొప్పి కబురు మోసే నరాల పక్కన మందు వేస్తారు. మందు పనిచేసినంతసేపు ఆ కబురు పోదు. ఇప్పుడు చాలాచోట్ల స్కానింగ్ తెరమీద సూదినీ నరాన్నీ చూస్తూ ఇస్తున్నారు. ఆపరేషన్‌కు మామూలుగా పూర్తి మత్తు కూడా ఉంటుంది, బ్లాక్ దానికి తోడు. బ్లాక్ బాగా పనిచేస్తే మార్ఫిన్ లాంటి ఘాటు మందుల అవసరం తగ్గుతుంది. వాటితో వచ్చే వాంతులు, మగత, మలబద్ధకం కూడా తగ్గుతాయి.

అయితే బ్లాకుల్లో రకాలున్నాయి. అన్నిటికంటే నొప్పి బాగా తగ్గించేది అందరికీ మంచిది కాదు. ఈ ఒక్క మాట గుర్తుపెట్టుకుంటే మిగతాదంతా సులువుగా అర్థమవుతుంది.

మొదటి రకం: మెడ దగ్గర ఇచ్చే బ్లాక్

దీన్ని ఇంటర్‌స్కేలిన్ బ్లాక్ అంటారు. మెడ పక్కన రెండు కండరాల మధ్య, చేతికి వెళ్లే నరాల మొదళ్ల దగ్గర మందు వేస్తారు. భుజం ఆపరేషన్లకు చాలా ఏళ్లుగా ఎక్కువగా వాడుతున్నది ఇదే. మెలకువ వచ్చాక మొదటి గంటల్లో నొప్పి దాదాపు తెలియదు.

చిక్కు ఎక్కడుందంటే, ఆ నరాల పక్కనే ఊపిరికి సంబంధించిన ఇంకో నరం పోతుంది. ఊపిరితిత్తుల కింద గొడుగులా పరుచుకుని ఉండే డయాఫ్రం అనే కండరాన్ని ఆడించేది ఆ నరమే. మందు అక్కడికీ పాకితే అటువైపు డయాఫ్రం కొన్ని గంటలు పనిచేయదు. 1991లో వచ్చిన ఒక ప్రసిద్ధ అధ్యయనంలో, మామూలు మోతాదులో ఈ బ్లాక్ ఇచ్చిన ప్రతి ఒక్కరిలోనూ ఇలా జరిగింది. ఊపిరి సామర్థ్యం దాదాపు పావు వంతు తగ్గుతుంది. ఊపిరితిత్తులు బాగున్నవాళ్లకు ఇది పెద్దగా తెలియకుండానే గడిచిపోతుంది. ఆయాసం ఉన్నవాళ్లకు మాత్రం ఆ పావు వంతే ప్రాణం మీదికి రావచ్చు.

మందు తగ్గించి ఇవ్వొచ్చు కదా అంటారా? ఇస్తున్నారు. 2008లో వచ్చిన ఒక అధ్యయనంలో 20 మిల్లీలీటర్లు ఇచ్చినవాళ్లందరిలో డయాఫ్రం బలహీనపడితే, 5 మిల్లీలీటర్లు ఇచ్చినవాళ్లలో అది 45 శాతం మందికే జరిగింది. ప్రమాదం తగ్గింది గానీ పూర్తిగా పోలేదు.

ఈ బ్లాక్ తర్వాత కొందరికి గొంతు బొంగురుపోతుంది. ఒక కంటి రెప్ప వాలుతుంది. పక్షవాతమేమో అని ఇంట్లో వాళ్లు హడలిపోతారు. బ్లాక్ వల్ల వచ్చినవైతే మందు దిగగానే ఇవి కూడా పోతాయి. కానీ అవి బ్లాక్ వల్ల వచ్చినవో కావో మీరు తేల్చుకోవద్దు. కనిపించగానే సిస్టర్‌కు చెప్పండి.

రెండో రకం: కొంచెం కిందుగా ఇచ్చే బ్లాక్

సుపీరియర్ ట్రంక్ బ్లాక్ అనేది మెడలోనే కొద్దిగా కిందుగా, రెండు నరాలు కలిసి ఒకటయ్యే చోట ఇస్తారు. కిందికి వచ్చేకొద్దీ ఊపిరి నరం దూరంగా జరుగుతుంది. కాబట్టి డయాఫ్రం మీద ప్రభావం తక్కువ. నొప్పి తగ్గించడంలో మొదటి రకానికి దగ్గరగానే ఉంటుంది. అయినా ఊపిరికి ఏమాత్రం ఇబ్బంది రాదని దీని గురించి కూడా హామీ ఇవ్వలేరు.

మూడో రకం: భుజం దగ్గర ఇచ్చే జంట బ్లాక్

ఇందులో మెడ జోలికి పోరు. భుజం వెనక, రెక్క ఎముక మీదుగా వెళ్లే నరానికి ఒకటి, చంక వైపు నుంచి భుజాన్ని చుట్టే నరానికి ఒకటి, ఇలా రెండు సూదులు. మొదటి నరం ఒక్కటే భుజం కీలుకు దాదాపు 70 శాతం స్పర్శను మోస్తుంది. వెనక వైపు నుంచి ఇచ్చినప్పుడు ఊపిరి నరానికి దూరంగా ఉండడం వల్ల ఊపిరికి ఇబ్బంది చాలా అరుదు. చేతి వేళ్లు కూడా ఆడుతుంటాయి.

లోటు ఏమిటంటే, భుజానికి వచ్చే ఇంకొన్ని చిన్న నరాలు దీనికి అందవు. మెలకువ వచ్చిన మొదటి గంటల్లో మెడ బ్లాక్ కంటే నొప్పి కొంచెం ఎక్కువ తెలుస్తుంది. మరునాటికి రెండింటికీ పెద్ద తేడా ఉండదు. ఊపిరితిత్తులు దెబ్బతిన్నవాళ్లు ఆ కొద్ది గంటలు మాత్రలతో ఓర్చుకుని ఊపిరి కాపాడుకోవడం మేలని డాక్టరు నిర్ణయించవచ్చు.

ఒకసారి ఇచ్చే మందా, సన్న గొట్టమా?

ఒక్కసారి ఇచ్చిన బ్లాక్ మామూలుగా 12 నుంచి 18 గంటలు పనిచేస్తుంది. డెక్సామెథసోన్ అనే మందు తోడు చేస్తే ఇంకొన్ని గంటలు పెరుగుతుంది. ఇంకో పద్ధతిలో నరం పక్కన వెంట్రుకంత సన్న గొట్టం ఉంచి, పంపుతో రెండు మూడు రోజులు మందు ఎక్కిస్తారు. నొప్పి ఎక్కువ కాలం అదుపులో ఉంటుంది. కానీ గొట్టం జరిగిపోవచ్చు, మందు కారిపోవచ్చు, చీము పట్టకుండా చూసుకోవాలి. మెడ దగ్గర పెడితే ఊపిరి మీద ప్రభావం కూడా అన్నాళ్లూ ఉండొచ్చు. అందుకే చూసుకునే సిబ్బంది ఉన్నచోటే పెడతారు.

ఒక లెక్క చూడండి. మధ్యాహ్నం ఒంటిగంటకు బ్లాక్ ఇచ్చారనుకుందాం. సాయంత్రం చుట్టాలు వస్తే పేషెంటు నవ్వుతూ మాట్లాడుతుంది. "నొప్పే లేదు, మాత్రలెందుకు" అని పక్కన పెట్టేస్తుంది. రాత్రి ఒంటిగంటకూ ఉదయం ఏడింటికీ మధ్య మందు దిగిపోతుంది. అప్పుడు నొప్పి ఒక్కసారిగా మీద పడుతుంది. అప్పటికప్పుడు మాత్ర వేసినా అది పనిచేయడానికి టైం పడుతుంది. కాబట్టి డాక్టరు రాసిన మాత్రలు నొప్పి లేకపోయినా రాసిన వేళకు వేసుకోవాలి. మొదటి రాత్రి తోడు పడుకునేవాళ్లకు ఈ మాట ముందే చెప్పి పెట్టండి. కిడ్నీ జబ్బు, కడుపులో పుండు ఉంటే మాత్రలు రాయకముందే చెప్పాలి. కొన్ని నొప్పి మాత్రలు వాళ్లకు పడవు.

దాచొద్దు

ఇప్పుడు అసలు సంగతి. మన దగ్గర చాలామంది దమ్ము ఉందనీ, బీడీ, చుట్ట తాగుతామనీ, ఎప్పుడో టీబీ మందులు వాడామనీ డాక్టరుకు చెప్పరు. చెబితే ఆపరేషన్ ఆపేస్తారేమో, కార్డు మీద అనుమతి రాదేమో అని భయం. టీబీ అంటే చిన్నతనం అని ఇంకొందరు నోరు విప్పరు.

అమ్మా, అయ్యా, ఒక్కసారి ఆలోచించండి. కుడి భుజానికి ఆపరేషన్. మెడ బ్లాక్ ఇస్తే కుడివైపు డయాఫ్రం కొన్ని గంటలు ఆగుతుంది. ఎడమ ఊపిరితిత్తి ఎప్పుడో టీబీతో పాడైపోయి ఉంటే, ఇక ఊపిరి దేనితో తీసుకుంటారు? ఆ సంగతి డాక్టరుకు ముందే తెలిస్తే భుజం దగ్గర జంట బ్లాక్ ఎంచుకుంటారు, లేదా వేరే దారి చూస్తారు. తెలియకపోతే, ఆపరేషన్ తర్వాత ఆయాసం మొదలయ్యాక తెలుస్తుంది.

నిజం చెప్పినందుకు కార్డు చెల్లకుండా పోదు. ఒక్కోసారి ఊపిరి పరీక్షలు చేసి, మందులు వాడించి, ఆపరేషన్ కొన్ని రోజులు వెనక్కి జరపొచ్చు. ఆ కొన్ని రోజులు మీ మేలుకే.

రక్తం పలచబడే మాత్రలు వాడుతున్నా, చేతిలో ముందునుంచే తిమ్మిరి ఉన్నా, మందులు పడకపోయినా అది కూడా చెప్పాలి. పాత చీటీలు, ఎక్స్‌రేలు వెంట తీసుకెళ్లండి.

మత్తు డాక్టరును అడగాల్సిన ఐదు ప్రశ్నలు

1. నాకు ఏ బ్లాక్ ఇస్తున్నారు? మెడ దగ్గరా, భుజం దగ్గరా?
2. నా ఊపిరితిత్తులకు అది సరిపోతుందా?
3. ఒకసారి ఇచ్చేదా, గొట్టం పెడతారా?
4. మందు సుమారు ఎన్ని గంటలకు దిగుతుంది? మాత్ర ఎప్పుడు మొదలుపెట్టాలి?
5. రాత్రి నొప్పి ఎక్కువైతే, ఆయాసం వస్తే ఎవరిని పిలవాలి?

అడగడానికి మొహమాటం వద్దు. సంతకం పెట్టే ముందు కాగితంలో ఏముందో తెలుగులో చెప్పించుకోవడం మీ హక్కు.

బ్లాక్ తర్వాత గుర్తుంచుకోవాల్సినవి

ఇంజక్షన్ ఇస్తున్నప్పుడు చెవుల్లో గింగుర్లు, నోట్లో ఇనుము రుచి, నాలుక మొద్దుబారడం అనిపిస్తే అక్కడే చెప్పండి. మందు రక్తంలో కలుస్తోందనడానికి అవి గుర్తులు కావచ్చు. చేయి మొద్దుబారి ఉన్నంతసేపు పట్టీలోనే ఉంచాలి. వేడి టీ గ్లాసు, వేడినీళ్ల సంచి ఆ చేతికి తగలనివ్వొద్దు, కాలినా తెలియదు. పడుకున్నప్పుడు వీపు వెనక దిండ్లు పెట్టి తల, ఛాతీ ఎత్తుగా ఉంచితే ఊపిరి తేలిగ్గా ఆడుతుంది. ఆయాసం పెరుగుతుంటే తెల్లారేదాకా ఆగొద్దు. ఒకసారి ఇచ్చే బ్లాక్ అయితే రెండు రోజులు దాటినా తిమ్మిరి, బలహీనత పోకపోతే డాక్టరుకు చూపించాలి. నరం శాశ్వతంగా దెబ్బతినడం చాలా అరుదు, కానీ ఆలస్యం చేయకూడదు.

అనుమతి వచ్చిన ప్యాకేజీలో మత్తు ఖర్చు కూడా కలిసే ఉంటుంది. డిశ్చార్జి అయ్యాక 10 రోజుల మందులు కూడా పథకం కిందే ఇస్తారు. బ్లాక్‌కు వేరుగా డబ్బు కట్టమంటే కట్టేయకండి. ముందు ఆరోగ్యమిత్రకు చెప్పండి, లేదా 104కు ఫోన్ చేయండి.

ఇంట్లో చదవడం రానివాళ్లుంటే ఆ ఐదు ప్రశ్నలు చదివి వినిపించండి. ఆసుపత్రికి వెళ్లే రోజు ఈ పేజీ ఫోన్‌లో తీసి పెట్టుకోండి. సెలవు.